రెండు రాజ్యాలు - ఒక ఉరితాడు

ఎడింబరో నగరం చూచివచ్చిన మనవాళ్ళను అక్కడ ఏమేమి చూచారని అడిగితే, కొండమీది కోట చూచామంటారు. కోట దగ్గర మొదలై రాజప్రాసాదం దాకా దిగివచ్చే రాజవీధి చూచామంటారు. చనిపోయిన యజమాని సమాధి దగ్గర ఏళ్ళ తరబడి కాపలా కాసిందని చెప్పుకునే కుక్క విగ్రహం పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నామంటారు. ఇవన్నీ చూడవలసినవే. నేనూ చూచాను, ఫోటోలూ తీయించుకున్నాను. కాని ఆ వూళ్ళో మరొక దారి వున్నది. దానికి టిక్కెట్టు లేదు. పాత జైలు వున్న చోటునుంచి వూరి బయట ఉరికంబం వున్న చోటుదాకా, ఇరవై ఏళ్ళ కాలేజీ కుర్రవాణ్ణి 1697 జనవరి 8వ తేదీన తీసుకుపోయిన దారి అది.

అతని పేరు థామస్ ఐకెన్‌హెడ్. దొంగతనం చేయలేదు, ఎవరినీ చంపలేదు. దేవుణ్ణి, క్రైస్తవ మతాన్ని దూషించాడని నేరం. బ్రిటను ద్వీపంలో దైవదూషణకు ఉరితీయబడ్డవారిలో అతడే కడపటివాడు.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ స్కాట్లండు కుర్రవాడితో పరిచయం కలగడానికి కారణం మా మేనకోడలు. ఆ అమ్మాయి ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. వేసవి సెలవుల్లో నన్ను రమ్మని పట్టుబట్టింది. మే నెల గదా అని పల్చటి చొక్కాలు పెట్టుకుని బయలుదేరాను. అక్కడ దిగేసరికి మా వూళ్ళో పుష్యమాసంలో కూడా వుండని చలి.

"మావయ్యా, మా యూనివర్సిటీలో చదివి గొప్పవాళ్ళయినవాళ్ళ పేర్లు మొదటి వారంలోనే వల్లె వేయించారు. ఇక్కడే చదువుతూ ఉరికంబం ఎక్కినవాడి పేరు మాత్రం నేనే వెతుక్కుని తెలుసుకున్నాను. రేపు అతని దారి వెంట నడుద్దామా?" అన్నది.

నడిచాము. ఆ నడకలో చూచిందీ, తరువాత పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నదీ కలిపి చెపుతాను.

కాలివేలి మహిమ

రాజవీధి కోట ముంగిట్లో మొదలై, హోలీరూడ్ ప్రాసాదం దాకా మైలుకు కాస్త ఎక్కువగా వాలుగా దిగుతుంది. రెండు ప్రక్కలా పొగచూరిన రాతి మేడలు. మేడకూ మేడకూ మధ్య మనిషి భుజం ఒరుసుకుపోయేటంత ఇరుకు సందులు. కోటనుంచి కొంత దూరం దిగేసరికి కోర్టు భవనం ముందు ఒక పెద్ద విగ్రహం కనిపించింది. పాతకాలపు గ్రీకు వేదాంతిలాగ వస్త్రం చుట్టుకుని, ఒక కాలు ముందుకు చాచి కూర్చున్నాడు. ఆ కాలి బొటనవేలు తప్ప మిగతా విగ్రహమంతా పచ్చబారి వుంది. బొటనవేలు మాత్రం మన గుళ్ళో గంటలాగ తళతళ మెరుస్తున్నది.

"డేవిడ్ హ్యూమ్. ఆ వేలు ముట్టుకుంటే తెలివి వస్తుందని పరీక్షల ముందు పిల్లలంతా వచ్చి రుద్దిపోతారు" అన్నది మా అమ్మాయి.

నాకు నవ్వు ఆగలేదు. అద్భుతాలను నమ్మడానికి ఆధారమేమిటని జీవితమంతా ప్రశ్నించిన తత్వవేత్త హ్యూమ్! 1745లో ఈ వూరి విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి కోరితే, నాస్తికుడని మతబోధకులు అడ్డుపడ్డారు. ఆ పదవి రాలేదు. పదేళ్ళ తరువాత చర్చి మహాసభలో అతనిమీద విచారణ జరిపించాలని కొందరు ప్రయత్నించారు, అదీ సాగలేదు. 1776లో తన యింట్లో, తన మంచంమీద కన్నుమూశాడు. విగ్రహం 1995లో వెలిసింది. ఇప్పుడు అతని కాలే ఒక మొక్కుబడి అయిపోయింది.

ఆ విగ్రహానికి నాలుగడుగుల దూరంలో సెయింట్ జైల్స్ చర్చి. గోపురం కిరీటం ఆకారంలో వుంటుంది. దాని వాకిటి ముందు బాటలో రంగురాళ్ళతో పొదిగిన హృదయాకారం ఒకటి కనిపిస్తుంది. దారిని పోయే పెద్దమనుషులు సైతం దానిమీద ఉమ్మి పోతూంటే ఆశ్చర్యపోయాను. అది 1817లో కూల్చివేసిన పాత జైలు వాకిలి గుర్తు అట. జైలు పోయినా జైలుమీది కసి పోలేదు. ఆ జైలులోనే ఐకెన్‌హెడ్ వున్నాడు.

ఇద్దరు రాజులు

కథ ముందుకు సాగాలంటే ఆ చర్చి సంగతి కాస్త చెప్పాలి. 1560లో స్కాట్లండు పార్లమెంటు పోపుగారి అధికారాన్ని కాదన్నది. ఆ ఉద్యమానికి నాయకుడైన జాన్ నాక్స్ సెయింట్ జైల్స్‌లోనే ఉపన్యాసాలిచ్చేవాడు. ఆయన సమాధి వున్న స్మశానం మీద ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు. 23వ నంబరు కారు నిలిపే చోటే ఆయన సమాధి అని చూపిస్తారు. మేము వెళ్ళినప్పుడు ఒక నల్లకారు నిలబడి వుంది.

నాక్స్ అనుచరుల చర్చికి బిషప్పులు లేరు. రాజు దానికి అధిపతి కాడు. ఇంగ్లండులో రాజే చర్చికి పెద్ద; ఇక్కడ అలా కాదు. 1596లో ఆండ్రూ మెల్విల్ అనే మతాచార్యుడు ఆరవ జేమ్స్ రాజుగారి అంగవస్త్రం పట్టుకుని, ఈ దేశంలో ఇద్దరు రాజులూ రెండు రాజ్యాలూ వున్నాయనీ, క్రీస్తు రాజ్యంలో జేమ్స్ రాజు కాదు, వట్టి ప్రజ అనీ మొగంమీదనే చెప్పాడు. నిండు దర్బారుల కాలంలో ఆ మాట అనడానికి ఎంత గుండె వుండాలో ఆలోచించండి. మన పోతన రాజులకు కృతి ఇవ్వనన్నాడని పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పైకి లేస్తుంది. మెల్విల్ మాట చదివినప్పుడూ అలాగే అనిపించింది.

కాని తిరకాసు ఇక్కడే వున్నది. ప్రభుత్వం మా విషయాలలో జోక్యం చేసుకోరాదని అంత ధైర్యంగా చెప్పిన చర్చి, తన శత్రువులను శిక్షించడానికి మాత్రం ప్రభుత్వం కత్తి దూయాలని కోరింది. రాజ్యాలు రెండన్నారు. ఉరితాడు దగ్గరకు వచ్చేసరికి రెండూ ఒకటైనాయి.

చలికి వేసిన హాస్యం

1690లో ఈ చర్చి మళ్ళీ దేశానికి అధికార చర్చిగా స్థిరపడింది. ఆ దశకం మధ్యనుంచి స్కాట్లండులో పంటలు వరసగా పోయాయి. జనం ఆకలితో మాడారు. దేశంలో పాపం పెరిగింది గనుక దేవుడు కోపించాడని బోధకులు చెప్పారు. అప్పటికే 1661 నాటి శాసనం ఒకటి వున్నది: మతి చలించని మనిషి దేవుణ్ణి తిడితే మరణశిక్ష. 1695లో మరొక శాసనం దానికి తోడైంది. దైవత్వాన్ని కాదని వాదించినవాడికి మొదటి తప్పుకు జైలు, గోనెపట్ట కట్టుకుని చర్చిలో ప్రాయశ్చిత్తం. రెండవ తప్పుకు జైలుతోపాటు జరిమానా. మూడవ తప్పుకు మరణం.

ఐకెన్‌హెడ్ మందుల వర్తకుని కొడుకు. తల్లిదండ్రులు పోయారు. విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. ఆ వయస్సు కుర్రవాళ్ళకు కొత్త పుస్తకం దొరికితే ఏమవుతుందో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెపుతున్న నాకు తెలియనిది కాదు. సోమవారం చదివినది మంగళవారం సిద్ధాంతమై కూర్చుంటుంది. పాత నిబంధన కట్టుకథల మూట అన్నాడట. క్రీస్తు ఈజిప్టులో గారడీ నేర్చుకున్నాడన్నాడట. 1800 సంవత్సరం నాటికి క్రైస్తవం అంతరించిపోతుందని జోస్యం కూడా చెప్పాడట.

సెయింట్ జైల్స్ దగ్గరనుంచి దిగువకు నడిస్తే ట్రాన్ చర్చి వస్తుంది. ఒక చలిరాత్రి స్నేహితులతో దాని ప్రక్కనుంచి పోతూ, ఎజ్రా చెప్పిన ఆ నరకంలో వుంటే బాగుండును, ఒళ్ళు వెచ్చబడేది అన్నాడట. మేము ఆ చోట నిలబడినప్పుడు ఎదురుగాలి ముఖాన కొడుతున్నది. మా అమ్మాయి శాలువ చెవులమీదికి లాక్కుని, "ఈ చలిలో ఎవరికైనా అదే మాట వస్తుంది మావయ్యా!" అన్నది.

ఆ మాట సాక్ష్యంలోకి ఎక్కింది. సాక్షులు ఎవరో కారు, తోటి విద్యార్థులు. వాళ్ళలో మంగో క్రెయిగ్ అనేవాడు విచారణకు ముందే ఐకెన్‌హెడ్‌ను నిందిస్తూ కరపత్రం అచ్చువేయించాడు. తాను చెడిపోయిన పుస్తకాలు ఆ క్రెయిగ్ ఇచ్చినవేనని ఐకెన్‌హెడ్ చెప్పుకున్నాడు. పుస్తకం ఇచ్చినవాడు సాక్షి అయ్యాడు. చదివినవాడు ముద్దాయి అయ్యాడు.

1696 డిసెంబరు 23న విచారణ. ప్రభుత్వ ప్రధాన న్యాయవాది సర్ జేమ్స్ స్టూవర్ట్ స్వయంగా మరణశిక్ష కోరాడు. కొత్త శాసనం ప్రకారం మొదటి తప్పుకు ప్రాణం తీయరాదు గదా అని మీరడగవచ్చు. ముద్దాయి వాదించడమే కాదు, తిట్టాడు కూడా అని తేల్చి, 1661 శాసనం కింద ఏకంగా ఉరి వేశారు. వాదమెక్కడ ముగుస్తుందో, తిట్టు ఎక్కడ మొదలవుతుందో గీత గీసే పని కుర్రవాణ్ణి చంపదలచినవారి చేతిలోనే వుంది.

కుర్రవాడు పశ్చాత్తాపపడ్డాడు. క్షమించమనీ, కనీసం గడువు ఇమ్మనీ అర్జీ పెట్టుకున్నాడు. జైలుకు వెళ్ళి చూచిన ఆన్‌స్ట్రదర్ ప్రభువు ప్రీవీ కౌన్సిలులో అతని పక్షాన మాట్లాడాడు. ఇద్దరు బోధకులు కూడా, లోరిమర్, మెల్‌డ్రమ్ అనేవారు, గడువు ఇప్పించాలని చూచారు. వీళ్ళిద్దరి సంగతి మరువరాదు. ఉరి కోరినవారూ క్రైస్తవులే, ప్రాణభిక్ష కోరినవారూ క్రైస్తవులే.

అప్పుడు కౌన్సిలు ఏమన్నది? చర్చి బోధకులు కలిసి అడిగితే తప్ప క్షమించలేమన్నది. ఆ రోజుల్లోనే ఎడింబరోలో చర్చి మహాసభ జరుగుతున్నది. ఆ సభ ఏమన్నది? దేశంలో అపచారాలు పెచ్చుపెరిగాయి గనుక శాసనాలను గట్టిగా అమలు జరపమని రాజుగారికి విన్నవించుకున్నది. కౌన్సిలులో ఓట్లు సమానంగా చీలగా ఛాన్సలరుగారి ఓటు కుర్రవాడికి వ్యతిరేకంగా పడింది.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దయ చూపే అధికారం వున్న ప్రభుత్వం, అది చర్చి అడగాలన్నది. దయను బోధించవలసిన చర్చి, శిక్షించే పని ప్రభుత్వానిదన్నది. ఇద్దరిలో ఏ ఒక్కరు తమ పని తాము చేసినా కుర్రవాడు బ్రతికేవాడు. చట్టంలోని కాఠిన్యం ఒక్కటే అతణ్ణి చంపలేదు. ఒకరి చాటున ఒకరు దాక్కోవడానికి వీలైన ఆ ఏర్పాటు చంపింది.

లీత్ దారి

ఎడింబరోనుంచి లీత్ రేవుకు పోయే దారిలో గాలోలీ అనే చోట ఉరికంబం వుండేది. ఇప్పటి రోడ్డు అప్పటి రోడ్డు కాదు. లోయమీద వంతెన కట్టారు. వంతెన దాటి దిగితే లీత్ వాక్ అనే విశాలమైన వీధి. రెండువైపులా కాఫీ హోటళ్ళు, క్షౌరశాలలు, మనదేశపు సరుకులు అమ్మే దుకాణాలు. 2023నుంచి ఆ వీధి పొడుగునా రేవుదాకా ట్రాములు నడుస్తున్నాయి. మేము నడిచిన దారిలో ఆ కుర్రవాడి పేరున్న రాయి ఏదీ మా కంటబడలేదు.

ఉరికి ముందు అతడు ఒక కాగితం వ్రాసి విడిచాడు. నిజమేదో తెలుసుకోవాలన్న తపన మనిషికి పుట్టుకతోనే వస్తుందనీ, తాను చిన్ననాటినుంచీ ఆ వెతుకులాటలోనే వున్నాననీ దాని సారాంశం. చివరి గడియలో చేతిలో బైబిలు పట్టుకుని చనిపోయాడని చెపుతారు.

"ఇతనికి మార్చి నెల వస్తే ఇరవై ఒకటి నిండేవి. నాకూ అంతే" అన్నది మా అమ్మాయి. నేను ఏమీ అనలేకపోయాను. ప్రక్కనే ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది.

తాడు తెగడానికి పట్టిన కాలం

ఈ కేసు కాగితాలను ఇంగ్లండులో జాన్ లాక్ సంపాదించి భద్రపరచుకున్నాడు. మత సహనాన్ని గురించి 1689లో ప్రసిద్ధమైన లేఖ ప్రకటించినవాడు ఆయనే. అయితే ఆ లేఖలో నాస్తికులకు మాత్రం సహనం వర్తించదన్నాడు. దేవుణ్ణి నమ్మనివాడి ప్రమాణాన్ని ఎవరు నమ్ముతారని ఆయన శంక.

ఆ శంక వెనుక ఆనాటి ప్రభుత్వ సిద్ధాంతమంతా వున్నది. 1676లో ఇంగ్లండులో జాన్ టేలర్ అనేవాడిమీద దైవదూషణ కేసు వచ్చినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి మాథ్యూ హేల్, క్రైస్తవం ఈ దేశపు చట్టంలో ఒక భాగమని తీర్పు చెప్పాడు. కోర్టులో సాక్షి చేసే ప్రమాణం, రాజు పట్టాభిషేకంలో చేసే ప్రమాణం, అన్నీ దేవుని పేరుమీదనే నిలబడినప్పుడు దేవుణ్ణి తిట్టడమంటే ప్రభుత్వం పునాది తవ్వడమేనని వారి తర్కం. దైవదూషణ రాజద్రోహం వంటిదైంది. ఈ సూత్రాన్ని ప్రభువుల సభ 1917లో బౌమన్ కేసులో తోసిపుచ్చింది. అంటే ఆ ఒక్కమాట రెండువందల నలభై ఏళ్ళు పనిచేసిందన్నమాట.

స్కాట్లండులో ఆ రెండు మరణ శాసనాలు 1813లో రద్దయ్యాయి. ఉరి పోయింది గాని నేరం పోలేదు. 1843లో థామస్ పేటర్సన్ అనే పుస్తకాల వ్యాపారికి ఎడింబరోలో పదిహేను నెలల జైలుశిక్ష పడింది. ఆ తరువాత చట్టం అటకెక్కింది. ఇంగ్లండులో మాత్రం 1921లో జాన్ గాట్ అనేవాడికి తొమ్మిది నెలల కఠినశిక్ష పడింది. 1977లో ఒక పద్యం అచ్చువేసినందుకు ఒక పత్రిక సంపాదకుడికి శిక్ష పడింది. అక్కడ ఆ నేరం 2008లో రద్దయింది. స్కాట్లండు పార్లమెంటు 2021లో చట్టం చేసింది. అది 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఐకెన్‌హెడ్ చనిపోయిన మూడువందల ఇరవైయేడు ఏళ్ళకు.

ఆ 2021 చట్టంలో ఒక విశేషమున్నది. మతం కారణంగా మనుషులమీద ద్వేషం రెచ్చగొడితే నేరం. కాని మతాన్ని విమర్శించడం, ఎగతాళి చేయడం, చివరికి అవమానించడం కూడా, కేవలం అంత మాత్రాన నేరం కాదని అందులోనే వ్రాశారు. మనిషి వేరు, మతం వేరు అని ఆ చట్టం గీసిన గీత. చలికి వేసిన హాస్యం ఇప్పుడు అక్కడ హాస్యమే.

రాజుగారి కుర్చీ

అలాగైతే ఆ దేశంలో ప్రభుత్వానికీ క్రైస్తవానికీ సంబంధం పూర్తిగా తెగిపోయిందా అంటే, లేదు. మరునాడు మౌండ్ అనే గుట్టమీదికి వెళ్ళాము. అక్కడ ఒక ప్రాంగణంలో జాన్ నాక్స్ చేయి ఎత్తి ఉపదేశిస్తూ నిలబడి వున్నాడు. ప్రక్కనే చర్చి మహాసభ ఏటా మే నెలలో సమావేశమయ్యే హాలు. సభకు రాజుగారి ప్రతినిధి వస్తాడు. కాని ఆయన కూర్చునేది పైన వేరే వసారాలో. సభా స్థలంలోకి అడుగు పెట్టడు. ఇక్కడ నీ పెత్తనం లేదు అని మెల్విల్ చెప్పిన మాటను ఆ కుర్చీ ఈనాటికీ చెపుతున్నది. చర్చి తన మతవిషయాలలో స్వతంత్రమని 1921లో పార్లమెంటు చట్టం చేసి ఒప్పుకున్నది కూడా.

మరొక చిత్రం వినండి. 1999లో స్కాట్లండుకు మళ్ళీ తన పార్లమెంటు వచ్చినప్పుడు కొత్త భవనం తయారు కాలేదు. 2004దాకా పార్లమెంటు ఎక్కడ కూర్చున్నదనుకున్నారు? ఈ చర్చి మహాసభ హాలులోనే! ఇల్లుగలవారు హాలు అద్దెకిచ్చారు గాని చట్టాలు తాము చేయలేదు. అక్కడ మొదలైన ఒక ఆచారం ఇప్పుడు హోలీరూడ్‌లోని కొత్త భవనంలోనూ సాగుతున్నది: వారానికొకసారి సభ ప్రారంభంలో ఎవరో ఒకరు వచ్చి కొన్ని నిమిషాలు మంచిమాట చెపుతారు. పాదిరీ కావచ్చు, ముస్లిం కావచ్చు, హిందువు కావచ్చు, ఏ మతమూ లేనివాడూ కావచ్చు.

2022లో మూడవ చార్లెస్ గద్దెనెక్కగానే స్కాట్లండు చర్చి హక్కులను కాపాడతానని ప్రమాణం చేశాడు. 2023 పట్టాభిషేకంలో ఆయనకు బైబిలు అందించినది స్కాట్లండు చర్చి మహాసభ అధ్యక్షుడు. లండనులో ప్రభువుల సభలో ఇంగ్లండు చర్చి బిషప్పులు ఇరవైఆరుగురికి స్థానాలున్నాయి. ఇన్ని మర్యాదలున్నా, 2022 జనాభా లెక్కల్లో స్కాట్లండు ప్రజలు నూటికి 51 మంది తమకు ఏ మతమూ లేదని వ్రాయించుకున్నారు. ఉరితాడుతో కాపాడుకున్న భక్తి నిలబడలేదు. ఐకెన్‌హెడ్ జోస్యమూ నిజం కాలేదు. 1800 దాటి రెండువందల ఏళ్ళయినా చర్చిగంటలు మోగుతూనే వున్నాయి. ఆ గంటలు వినడానికి వెళ్ళేవాడు ఇప్పుడు ఇష్టమై వెళుతున్నాడు.

ఎడింబరో నుంచి మన ఇంటికి

ఇదంతా మనకెందుకని మీరనవచ్చు. ఐకెన్‌హెడ్ ఉరిని తీవ్రంగా ఖండిస్తూ 1855లో తన చరిత్ర గ్రంథంలో వ్రాసిన మెకాలేయే, 1837లో మన శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసిన మెకాలే. ఆయన ఎడింబరోకు పార్లమెంటు సభ్యుడు కూడా. ఐర్లండులో కాథలిక్కుల వేదపాఠశాలకు ప్రభుత్వ ధనసహాయాన్ని బలపరిచాడన్న కోపం తోడై 1847లో ఆ వూరి ఓటర్లు ఆయన్ను ఓడించారు. 1852లో మళ్ళీ గెలిపించారు. రాజకీయంలో మతం వేడి ఎలాంటిదో ఆయనకు అనుభవమే.

మన దేశానికి చట్టం వ్రాసేటప్పుడు ఆయన ఇంగ్లండు పద్ధతిని వదిలివేశాడు. ఒక దేవుడి గౌరవాన్ని కాపాడే శాసనం వ్రాయలేదు. అన్ని మతాలవారి మనస్సులనూ నొప్పించకుండా కాపాడే సెక్షన్లు వ్రాశాడు. ఆ స్మృతి 1860లో చట్టమైంది. 1924లో లాహోరులో అచ్చయిన ఒక పుస్తకంమీద అలజడి చెలరేగింది. 1927లో అక్కడి హైకోర్టు ప్రచురణకర్తను విడిచిపెట్టగా, అదే ఏడు 295-ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. 1957లో మన సుప్రీంకోర్టు అది చెల్లుతుందన్నది. ఇప్పుడది 2024 జూలై 1నుంచి అమలులో వున్న న్యాయసంహితలో 299వ సెక్షను. మతభావాలను బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరిస్తే మూడేళ్ళదాకా జైలు.

మెకాలే ఉద్దేశం మంచిదే. ఎన్నో మతాలున్న దేశంలో ఒక మతాన్ని మాత్రం రక్షించడం అన్యాయం. కాని దేవుడి గౌరవం స్థానంలో మనుషుల మనోభావం వచ్చి కూర్చుంటే ఒక చిక్కున్నది. దేవుడు కోర్టుకు వచ్చి నాకు కోపం వచ్చిందని చెప్పడు. మనిషి చెపుతాడు. ఎవరి కోపం ఎక్కువైతే వారి మాట ఎక్కువ చెల్లే ప్రమాదం వున్నది. దురుద్దేశం వుంటేనే నేరమని చట్టం చెపుతున్నది గాని, ఆ ఉద్దేశం తేలేదాకా ముద్దాయి కోర్టు మెట్లమీద కూర్చోవలసిందే.

తెలుగు చెప్పేవాడిగా నాకు దీనితో నిత్యమూ పని. మనకు నిందాస్తుతి అని ఒక సంప్రదాయమే వున్నది. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి ఎత్తిపొడవని విషయం లేదు. గోలకొండ చెరలో రామదాసు రాముణ్ణి నిలదీసిన తీరు వింటే ఏ శాసనానికి ఆ కీర్తనలు తట్టుకుంటాయి? వేమన సంగతి సరే సరి. ఆ వేమనను 1829లో అచ్చువేయించిన బ్రౌన్ దొర క్రైస్తవ బోధకుని కొడుకు. మా తరగతిలో వీటిని చదివి పిల్లలు పకపక నవ్వుతారు. ఎవరి భక్తీ తగ్గినట్లు నాకు కనిపించలేదు.

అయితే మనం ఎడింబరోను చూచి మీసం మెలివేయడానికీ వీలులేదు. నిందాస్తుతి భక్తుడికి చెల్లింది. కాదనేవాడి మాట వేరు. భారతం శాంతిపర్వంలో ధర్మరాజు పట్టాభిషేకమప్పుడు చార్వాకుడు లేచి, బంధువులను చంపి గద్దెనెక్కావని నిందించాడు. అతడు దుర్యోధనుడి మిత్రుడైన రాక్షసుడని కథ. బ్రాహ్మణులు హుంకరించారు, అతడు అక్కడికక్కడే కాలిపోయాడు. ధర్మరాజు సభలో సైతం ఆ హుంకారాన్ని ఆపినవాడు లేడు. ఈ ఘట్టం పాఠం చెప్పినప్పుడల్లా, అతడడిగిన ప్రశ్నకు జవాబేదని ఒక విద్యార్థి అయినా అడుగుతాడు. అడగాలి కూడా.

మతం ప్రభుత్వానికి నీతి చెప్పవచ్చు. మెల్విల్ రాజు అంగవస్త్రం పట్టుకున్నట్లు పట్టుకుని చెప్పవచ్చు. దానివల్ల రాజ్యానికి మేలే. ప్రభుత్వం భక్తుణ్ణీ నాస్తికుణ్ణీ ఒక్కలాగ కాపాడవచ్చు. దానివల్ల మతానికీ మేలే. మతం చేతికి ప్రభుత్వం తన తాడు అందించిననాడు మాత్రం ఉరి ఎవరు వేశారని అడిగితే జవాబు చెప్పేవాడుండడు. ఆనాటి కౌన్సిలునూ మహాసభనూ కలిపి చూస్తే నాకు తోచినది ఇంతే.

మీరు ఎడింబరో వెళ్ళితే కోట చూడండి, హ్యూమ్ కాలివేలు కూడా ముట్టుకోండి. పరీక్షలున్న పిల్లలుంటే వాళ్ళ తరఫున మరొకసారి ముట్టుకోండి. తరువాత ట్రాన్ చర్చి దాకా నాలుగడుగులు దిగండి. చలి ఎలాగూ వుంటుంది. వెంట కాలేజీ చదివే పిల్లలు వుంటే, ఆ కుర్రవాడు అక్కడ అన్న మాటేమిటో చెప్పండి. వాళ్ళు తప్పక నవ్వుతారు. నవ్వు అయినాక, దానికి పడిన శిక్ష ఏమిటో చెప్పండి.